లాభాల్లో ఉన్న కంపెనీ వాటా ఎందుకు అమ్ముతుంది? ఆ ధర ఎవరు కడతారు?

మిర్యాలగూడ మిల్లు | ఆదివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది బియ్యం మిల్లు. నాన్న నలభై ఏళ్ళుగా నడుపుతున్నారు. నేను రెండేళ్ళ నుంచి ఐపీఓలకు, అంటే కంపెనీలు మొదటిసారి జనానికి షేర్లు అమ్మే ఇష్యూలకు, దరఖాస్తు పెడుతున్నాను. పదకొండుసార్లు పెడితే రెండుసార్లు షేర్ల అలాట్‌మెంట్ వచ్చింది. మొన్న రాత్రి అన్నం తింటూ ఇంకో ఇష్యూకి పెడుతున్నానని చెప్తే నాన్న చెయ్యి ఆపి అడిగారు: "పాలిచ్చే బర్రెను ఎవడన్న అంగడికి తోల్తడా? లాభాలొచ్చే కంపెనీని మనకెందుకు అమ్ముతున్నరు? ఆ ధర ఎవడు కట్టిండు?"

నా దగ్గర జవాబు లేదు. గ్రే మార్కెట్‌లో, అంటే షేరు మార్కెట్‌లోకి రాకముందే బయట అనధికారికంగా జరిగే బేరాల్లో, ఎంత నడుస్తోందో మాత్రం చెప్పగలిగాను. ఆయన తలూపి ఊరుకున్నారు. అప్పటినుంచి మనసులో అదే తిరుగుతోంది. ఆ కంపెనీ పేరు రాయను, కొనాలా వద్దా అని కూడా అడగను. ఆ రెండు ప్రశ్నలకే జవాబు కావాలి.

పాత లెడ్జర్ | 8:25

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. నేను బ్యాంకులో ముప్పై మూడేళ్ళు పనిచేసి విజయవాడలో రిటైరయ్యాను. మిల్లు మీదనే చెప్తాను, ఆయనకు సులువుగా ఉంటుంది.

సీజన్లో ధాన్యం కొనడానికి మీరు బ్యాంకులో అప్పు వాడుకుంటారు. బియ్యం ఏరే కొత్త సార్టెక్స్ మిషను పెట్టాలంటే ఇంకో అప్పు. ఒకాయన వచ్చి "నేను డబ్బు పెడతాను, నాకు పావలా వాటా ఇవ్వండి" అన్నాడనుకోండి. ఆ డబ్బు మిల్లులోకే వస్తుంది. అప్పు తీరుతుంది, మిషను వస్తుంది. ఇది ఫ్రెష్ ఇష్యూ. అలా కాకుండా వాటాదారుల్లో ఒకరు తన వాటా బయటివాళ్ళకు అమ్ముకుని వెళ్ళిపోతే ఆ డబ్బు వెళ్ళిపోయేవాళ్ళ జేబులోకి పోతుంది. మిల్లు అప్పు మిల్లు మీదే ఉంటుంది. ఇది ఆఫర్ ఫర్ సేల్. రెంటినీ కలిపి జనం ఐపీఓ అంటున్నారు గానీ, రెంటికీ చాలా తేడా ఉంది.

2021 జులైలో జొమాటో 9,375 కోట్ల ఇష్యూకి వచ్చింది. అందులో 9,000 కోట్లు కంపెనీకే వెళ్ళాయి. 2024 అక్టోబరులో హ్యుందాయ్ మోటార్ ఇండియా 27,870 కోట్ల ఇష్యూ తెచ్చింది. అందులో ఒక్క రూపాయి కూడా ఇక్కడి కంపెనీకి రాలేదు, మొత్తం కొరియాలోని మాతృసంస్థకు వెళ్ళింది. తప్పేమీ లేదు, ఇష్యూ వివరాలతో కంపెనీ ఇచ్చే ప్రాస్పెక్టస్‌లో అంతా రాసే ఇచ్చారు. మనమే చదవం.

కాబట్టి ముందు "డబ్బు ఎవరికి పోతోంది" అని చూడమనండి. బర్రెను అమ్ముతున్నారా, మేతకు డబ్బు కోసం పాలలో వాటా ఇస్తున్నారా అన్నది అక్కడే తేలుతుంది.

సీతమ్మధార | 9:02

లెడ్జర్ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. డబ్బు అవసరం లేకపోయినా పబ్లిక్‌కు వచ్చే కంపెనీలు ఉంటాయి.

మొదటిది, ముందే డబ్బు పెట్టిన ఫండ్లు. ఐదారేళ్ళ కింద వాటా కొన్న ప్రైవేట్ ఈక్విటీ సంస్థ ఎప్పుడో ఒకప్పుడు తన డబ్బు తను తీసుకుని పోవాలి. షేరు మార్కెట్‌లోకి వస్తే అమ్ముకోవడానికి దారి దొరుకుతుంది. హైదరాబాద్‌లోని కిమ్స్ ఆసుపత్రి 2021 జూన్‌లో సుమారు 2,144 కోట్ల ఇష్యూ తెస్తే కంపెనీకి చేరింది 200 కోట్లే. మిగతాది జనరల్ అట్లాంటిక్ లాంటి పాత వాటాదారులకు.

రెండోది, చట్టం. విదేశీ మారకాన్ని నియంత్రించే 1973 ఫెరా చట్టం వల్ల చాలా విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాల్సి వచ్చింది. అలా మన తాతల కాలంలో మంచి కంపెనీల షేర్లు సామాన్యుల చేతికి వచ్చాయి. ఇప్పుడు పెద్ద ఫైనాన్స్ కంపెనీలను గడువులోపు షేరు మార్కెట్‌లో లిస్ట్ కావాలని రిజర్వు బ్యాంకు అంటోంది. 2024 సెప్టెంబరులో బజాజ్ హౌసింగ్ ఫైనాన్స్ వచ్చింది అందుకే.

మూడోది ఉద్యోగులు. షేర్లు ఇస్తామని చెప్పి మంచి ఇంజనీర్లను తీసుకుంటే, ఆ షేరుకు బజారులో ఒక ధర ఉండాలి కదా. లేకపోతే అది ఉత్త కాగితమే.

మిర్యాలగూడ మిల్లు | 9:48

లెడ్జర్ గారూ, మీరు ఉదాహరణకు చెప్పింది మా ఇంట్లో నిజంగా జరిగింది. మా బాబాయి తన వాటా తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోయారు. అప్పుడు ధర కట్టడానికి ముగ్గురు పెద్దమనుషులు మా అరుగు మీద రెండు రోజులు కూర్చున్నారు. స్థలం, మిషన్లు, నిల్వ ఉన్న ధాన్యం, రావాల్సిన బాకీలు, తీర్చాల్సిన అప్పులు అన్నీ రాశారు. చివరికి బాబాయి "మరి మిల్లు పేరుకు ఏం కడతరు?" అన్నారు. దాని మీదనే ఒక పూటంతా గొడవ. ఆ పేరు వల్లే రైతులు మా దగ్గరికి వస్తారు, కానీ ఏ పుస్తకంలోనూ దానికి విలువ లేదు.

కంపెనీల్లో కూడా ఇలాగే కూర్చుంటారా?

అకౌంట్ బుక్కు | 11:15

దాదాపు అలాగే తమ్ముడూ. నేను ముంబైలో కంపెనీల ఇష్యూలు నడిపే ఒక మర్చంట్ బ్యాంకింగ్ ఆఫీసులో ఆరేళ్ళు పనిచేశాను. మీ బాబాయి అడిగిన ఆ ఒక్క ప్రశ్నే మా ఉద్యోగం అంతా. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు అదే వ్యాపారంలో ఉండి ఇప్పటికే లిస్టయిన కంపెనీలను చూస్తాం. షేరు ఒక్కింటికి లాభం పది రూపాయలుండి, షేరు 250కి నడుస్తుంటే అది 25 రెట్లు. దాన్నే పీఈ అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీకైతే ఈ లెక్క సరిపోదు, ఎంబెడెడ్ వాల్యూ చూస్తారు, అంటే ఉన్న ఆస్తికి చేతిలోని పాలసీల మీద రాబోయే లాభాల విలువ కలిపింది. 2022లో ఎల్ఐసీకి అది సుమారు 5.4 లక్షల కోట్లు, ఇష్యూ ధర 949 రూపాయల దగ్గర కంపెనీ మొత్తం విలువ సుమారు 6 లక్షల కోట్లు. అంటే 1.1 రెట్లు. ఇంకా లాభాలే రాని కంపెనీకి అమ్మకాల మీద కడతారు. మీ మిల్లు 'పేరు' గొడవ అన్నిటికంటే గట్టిగా నడిచేది అక్కడే.

ఇప్పుడు ఒక లెక్క. ఇది నేను కల్పించినది, కాగితం మీద వేసి చూడండి. కంపెనీ లాభం 60 కోట్లు, షేర్లు 6 కోట్లు. షేరుకు లాభం 10. ధర 250 పెట్టారు, కాబట్టి 25 రెట్లు. కానీ కొత్తగా కోటి షేర్లు ఇస్తున్నారు. రేపటినుంచి షేర్లు 7 కోట్లు. అదే 60 కోట్లను పంచితే షేరుకు వచ్చేది 8.57. అంటే మీరు నిజంగా కొంటున్నది 29 రెట్లకు.

ఆగండి, అక్కడితో అయిపోలేదు. ఆ కోటి షేర్లకు వచ్చిన 250 కోట్లతో 9 శాతం వడ్డీ అప్పు తీర్చేశారనుకోండి. ఏటా 22.5 కోట్ల వడ్డీ మిగులుతుంది. పావు వంతు పన్నుకు పోయినా సుమారు 17 కోట్లు లాభంలో కలుస్తాయి. 77 కోట్లను 7 కోట్ల షేర్లకు పంచితే 11 రూపాయలు. ఇప్పుడది 23 రెట్లు కూడా లేదు. అదే ఆ 250 కోట్లు పాత వాటాదారుడు తన షేర్లు అమ్ముకుని పట్టుకుపోయి ఉంటే? షేర్లూ పెరగవు, వడ్డీ కూడా తగ్గదు. 25 రెట్లు అక్కడే ఉంటుంది. అందుకే లెడ్జర్ గారు "డబ్బు ఎవరికి" అని ముందు అడగమన్నారు. ధర సంగతి కూడా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది.

ఈ లెక్కలు పట్టుకుని పెద్ద ఫండ్ల దగ్గరికి వెళ్తాం. మీరు ఎంత ఇస్తారు అని అడుగుతాం. ప్రమోటరు, అంటే కంపెనీ యజమాని, 300 అంటాడు, ఫండ్ మేనేజరు 220 అంటాడు. వారాల తరబడి అటూ ఇటూ తిరిగాక కింది ధర, పై ధర చెప్పే ప్రైస్ బ్యాండ్ బయటికి వస్తుంది. ఇష్యూ తెరవడానికి ఒక రోజు ముందు యాంకర్ ఇన్వెస్టర్లు అనే పెద్ద సంస్థలు కొంటాయి. వాళ్ళ షేర్లలో సగం 30 రోజులు, మిగతా సగం 90 రోజులు అమ్మడానికి లేదు. ఆ తర్వాతే మన వంతు.

మనం 'కట్ ఆఫ్' అని టిక్ పెడతాం కదా, దాని అర్థం "మీరు ఎంత ఖాయం చేస్తే అంతకే తీసుకుంటాను" అని. ధర కట్టడంలో మన మాట అక్కడ వాళ్ళ చేతికి ఇచ్చేసినట్టే. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. లక్షల మంది దరఖాస్తు పెడతారు, కానీ ధర మీద బేరం ఆడింది వందమంది లోపే.

మానేరు తీరం | మధ్యాహ్నం 12:30

అన్నా, బ్యాండ్ గురించి ఒక్కటి. ఎంటార్ టెక్నాలజీస్, మన హైదరాబాద్ కంపెనీ, 2021 మార్చిలో 574–575 బ్యాండ్ పెట్టింది. ఒక్క రూపాయి తేడా! దాన్ని బ్యాండ్ అని ఎట్ల అంటరు?

అకౌంట్ బుక్కు | 12:41

నిజమే. అప్పట్లో పై ధర కింది ధరకంటే 20 శాతం మించకూడదని ఒక్క హద్దే ఉండేది. తర్వాత షేరు మార్కెట్‌ను నియంత్రించే సెబీ కనీసం 5 శాతం తేడా ఉండాలంది. ఎల్ఐసీ బ్యాండ్ 902–949, భాగించి చూడండి, సరిగ్గా ఆ 5 శాతం పైన ఉంటుంది. కాగితం మీద బేరానికి చోటు వచ్చింది గానీ గట్టి ఇష్యూలన్నీ ఇప్పటికీ పై ధర దగ్గరే ఖాయమవుతున్నాయి.

మానేరు తీరం | 1:20

ఇంకో ప్రశ్న. అదే ఎంటార్ షేరు ఎన్ఎస్ఈ ఎక్స్ఛేంజీలో 1,050 దగ్గర మొదలైంది. లాటు, అంటే దరఖాస్తుకు కనీసం, 26 షేర్లు, 14,950 పెట్టినోళ్ళకు మొదటి నిమిషంలోనే 12,350 లాభం. నాకు రాలేదు, అది వేరే సంగతి. నా బాధేందంటే, జనం 1,050 ఇయ్యడానికి తయారుగ ఉన్నప్పుడు కంపెనీ 575కే ఎందుకు ఇచ్చింది? ఆ తేడా కంపెనీకి పోతే ఇంకో షెడ్డు కట్టుకునేది కదా. న్యూక్లియర్ రియాక్టర్లకు, ఇస్రో రాకెట్లకు భాగాలు చేసే కంపెనీ అది.

డాలస్ తెలుగు | 1:55

మీరు అడిగింది ఆర్థికవేత్తలు యాభై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే. ఇక్కడ అమెరికాలోనూ అంతే. ఎయిర్‌బీఎన్‌బీ 2020 డిసెంబరులో 68 డాలర్లకు ఇస్తే 146 దగ్గర మొదలైంది.

కెవిన్ రాక్ అనే ఆయన 1986లో ఒక వివరణ ఇచ్చాడు. మార్కెట్‌లో కొందరికి ఏది మంచి ఇష్యూనో తెలుసు, మిగతావాళ్ళకు తెలియదు. మంచిదానికి తెలిసినవాళ్ళు ఎగబడతారు, అందరికీ తలా కాస్త వస్తుంది లేదా ఏమీ రాదు. బాగాలేనిదాని జోలికి వాళ్ళు రారు, అది తెలియనివాళ్ళకే అడిగినంతా వచ్చేస్తుంది. ఇలా రెండుసార్లు దెబ్బతింటే సామాన్యుడు ఇక ఈ వైపు రాడు. అతన్ని నిలబెట్టుకోవాలంటే మొత్తం మీద ధర కొంచెం తగ్గించే ఇవ్వాలి. ఆ తగ్గింపే కంపెనీ చెల్లించే మూల్యం.

గూగుల్ 2004 ఆగస్టులో వేలం పద్ధతి పెట్టి ఈ తేడా లేకుండా చేద్దామనుకుంది. 108–135 డాలర్లు వస్తుందనుకుంటే చివరికి 85కే ఇవ్వాల్సి వచ్చింది, మొదటి రోజే వంద దాటింది. ఆ తర్వాత పెద్ద కంపెనీలు ఎక్కువగా ఆ దారి పట్టలేదు.

మానేరు తీరం | 2:10

తెలియనోళ్ళకే అడిగినంతా వస్తదన్న మాట నిజం. పేటీఎంల నాకు వెంటనే వచ్చింది. ఎంటార్ల రాలేదు.

సీతమ్మధార | 2:34

పేటీఎం లెక్క ఇక్కడ రాసిపెడతాను. 2021 నవంబరు, ధర 2,150, ఇష్యూ 18,300 కోట్లు. అందులో 8,300 కోట్లు కంపెనీకి, 10,000 కోట్లు పాతవాళ్ళకు. అమ్మకానికి పెట్టిన షేర్లకు మొత్తం మీద రెండు రెట్లు కూడా బిడ్లు రాలేదు. మొదటి రోజే సుమారు 27 శాతం పడిపోయింది. ఆరు షేర్ల లాటుకు సుమారు 3,500 నష్టం.

కానీ రెట్లు ఎక్కువ వస్తే మంచిదని కూడా అనుకోవద్దు. 2008 జనవరిలో రిలయన్స్ పవర్‌కు 70 రెట్లకు పైగా వచ్చాయి. ధర 450, మనలాంటి చిన్న మదుపుదారులకు, అంటే రిటైల్ వాళ్ళకు, 430. ఫిబ్రవరి 11న లిస్టయిన రోజే 372 దగ్గర ముగిసింది. మధ్యలో ప్రపంచ మార్కెట్లు కూలాయి. అప్పట్లో దరఖాస్తుకీ లిస్టింగ్‌కీ మధ్య వారాలు పట్టేది, అన్ని రోజులూ డబ్బు ఇరుక్కుపోయేది. ఇప్పుడు ఇష్యూ మూసిన తర్వాత మూడు పనిదినాల్లోనే లిస్ట్ చెయ్యాలి, 2023 డిసెంబరు 1 నుంచి అది తప్పనిసరి. మన డబ్బు కూడా అలాట్‌మెంట్ వచ్చేదాకా మన ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది. ఈ రెండు మార్పులు సామాన్యుడికి నిజంగా మేలు చేశాయి.

నెల్లూరు చెరువు | సాయంత్రం 4:05

ఇంతసేపూ చదువుతున్నాను. నాదొకటి చెప్పాలి.

1992లో ఇష్యూ ధరల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. అంతకుముందు ఢిల్లీలో కంట్రోలర్ ఆఫ్ క్యాపిటల్ ఇష్యూస్ అని ఒక ఆఫీసు ఉండేది, ఏ కంపెనీ ఏ ధరకు షేరు ఇవ్వాలో వాళ్ళే చెప్పేవాళ్ళు. ధర చాలా తక్కువగా పెట్టేవాళ్ళు, అందుకే పబ్లిక్ ఇష్యూ అంటే లాటరీ తగిలినట్టే అని మా నాన్నకు ఒక నమ్మకం. ఆయన ప్రైమరీ స్కూలు టీచరు. నియంత్రణ పోయింది, ఆయన నమ్మకం పోలేదు. 1994–95లో మా వైపు రొయ్యల కంపెనీలు వరసగా ఇష్యూలకు వచ్చాయి. అక్క పెళ్ళికి దాచిన డబ్బులో సగం పెట్టి ఒక కంపెనీ షేర్లు తీసుకున్నారు. రెండేళ్ళకు ఆ ఆఫీసుకు వెళ్తే అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. షేర్ సర్టిఫికెట్లు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి.

ఇప్పుడు రూల్స్ చాలా మారాయి, ఒప్పుకుంటాను. అయినా ధర ఎవరు కట్టారు అని ఆ పెద్దాయన అడిగినట్టు మా నాన్నకు అడగడం ఎవరూ నేర్పలేదు. తమ్ముడూ, మీ నాన్నగారు చెప్పినది వినండి.

నైట్ షిఫ్ట్ | 5:30

ఎవరైనా తిట్టినా పర్లేదు, నాది వేరే అభిప్రాయం. ఇన్ని లెక్కలు రిటైల్ వాడికి ఎందుకండీ? గ్రే మార్కెట్ ప్రీమియం చూస్తే చాలు. ఎక్కువుంటే పెట్టు, లిస్టింగ్ రోజు అమ్ము, ఇంటికెళ్ళు. నేను మూడేళ్ళుగా అదే చేస్తున్నాను, మొత్తం మీద లాభంలోనే ఉన్నాను.

అకౌంట్ బుక్కు | 6:12

మీరు లాభంలో ఉన్నారంటే సంతోషమే. కానీ ఆ ప్రీమియం ఎక్కడ పుడుతుందో చూశారా? దానికి ఎక్స్ఛేంజీ లేదు, సెబీ లేదు, రసీదు లేదు. కొద్దిమంది నోటిమాట మీద చేసుకునే బేరం. కొద్దిపాటి షేర్ల బేరంతోనే ఆ అంకెను పైకి లేపొచ్చు. 2024 ఆగస్టులో రెండు బైక్ షోరూములున్న ఢిల్లీ కంపెనీ ఒకటి సుమారు 12 కోట్ల ఎస్ఎంఈ (చిన్న కంపెనీల) ఇష్యూకి వస్తే 4,800 కోట్లకు పైగా బిడ్లు వచ్చాయి. లిస్టయింది ఇష్యూ ధర 117 దగ్గరే.

లిస్ట్ కాకముందు షేర్ల సంగతీ అంతే. హెచ్‌డీబీ ఫైనాన్షియల్ షేరు బయట 1,200 పైన నడిచింది. 2025 జూన్‌లో ఇష్యూ బ్యాండ్ 700–740 అన్నారు. ఆ 1,200 ఎవరు కట్టిన ధర? దానికి ఏ పుస్తకం ఆధారం? అడిగేవాళ్ళు లేకపోతే ఏ అంకె అయినా ధర అయిపోతుంది.

నైట్ షిఫ్ట్ | 6:40

హెచ్‌డీబీ సంగతి తెలియదు నాకు. చూస్తాను.

పాత లెడ్జర్ | 7:15

గ్లాండ్ ఫార్మా కూడా మన హైదరాబాద్‌దే. 2020 నవంబరులో 1,500 ధరకు వచ్చింది. సుమారు 6,480 కోట్లలో కంపెనీకి 1,250 కోట్లు, మిగతాది ఎక్కువగా చైనా ఫోసున్ గ్రూపుకు, ఇతర పాత వాటాదారులకు. రిటైల్ కోటా పావు వంతు కూడా నిండలేదు. అడిగినవాళ్ళందరికీ వచ్చింది. ఎన్ఎస్ఈలో 1,710 దగ్గర మొదలైంది, ఏడాది తిరగకుండానే 4,000 దాటింది. 2023 మే నెలలో వెయ్యి కిందికి పడింది. 1,500 తప్పు ధరా, సరైన ధరా? 2020లో ఒక జవాబు, 2021లో ఒకటి, 2023లో ఒకటి. ఆ రోజున, ఆ లాభం మీద, ఆ బేరంలో ఖాయమైన అంకె అది. మీ అరుగు మీద పెద్దమనుషులు కట్టిన ధర కూడా ఆ ఏడాది పంటకే కదా బాబూ.

మిర్యాలగూడ మిల్లు | రాత్రి 9:50

అందరికీ చేతులెత్తి నమస్కారం. సాయంత్రం నాన్న పక్కన కూర్చుని ఆ కంపెనీ ప్రాస్పెక్టస్ ఫోన్‌లో తెరిచాను. డబ్బు దేనికి వాడతారో రాసిన పేజీ చదివి తెలుగులో చెప్పాను. ఇష్యూలో మూడో వంతు కంపెనీకి వస్తోంది. అందులో సగం పైన అప్పు తీర్చడానికి. అకౌంట్ బుక్కు అన్న లెక్క ప్రకారం కొత్త షేర్లు కలిపి, మిగిలే వడ్డీ కలిపి వేస్తే 34 రెట్లు వచ్చింది. అదే వ్యాపారంలో ఉన్న రెండు కంపెనీలు 26, 28 దగ్గర ఉన్నాయి.

నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని ఆ అప్పుల పట్టిక తనే చూశారు. "ఈ అప్పు ఎప్పుడు తీసుకున్నరు?" అన్నారు. చూస్తే అందులో పెద్ద అప్పు పోయిన ఏడాదే తీసుకున్నది. "తీసుకున్న పైసలు ఏం చేసిండ్రు?" అని అడిగారు. ఆ పేజీ ఇంకా దొరకలేదు. నాలుగు వందల పైన పేజీలున్నాయి. ఇష్యూ బుధవారం తెరుస్తారు, అప్పటిదాకా వెతుకుతాను. ఏ అధ్యాయంలో ఉంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

అకౌంట్ బుక్కు | 10:05

'ఫైనాన్షియల్ ఇండెటెడ్‌నెస్' అనే అధ్యాయంలో అప్పుల వివరం ఉంటుంది. డబ్బు ఎటు పోయిందో మాత్రం క్యాష్ ఫ్లో పట్టికలో చూడాలి. అనుబంధ సంస్థలకు ఇచ్చిన అప్పులు, ప్రమోటర్లకు సంబంధించిన లావాదేవీలు, ఆ రెండిటి మీద లెక్కల కింద రాసిన వివరణలు ముందు చదవండి. అర్థం కాకపోతే పేజీ నంబరు రాయండి, కలిసి చూద్దాం.